పాత డెబియన్ సిస్టమ్‌కి ఎక్స్‌ఆర్‌డీపీ: ఏళ్లు వాడాక నా మాట

తేలికపాటి లినక్స్ సిస్టమ్‌ని దూరం నుంచి నడపాలంటే ఎక్స్‌ఆర్‌డీపీ అనే ప్రోగ్రామ్ పెట్టుకోండి. దాని పక్కనే ఎక్స్11వీఎన్‌సీ కూడా ఉంచుకోండి. డెబియన్ (లినక్స్‌లో ఒక రకం) 11వ వెర్షన్ కాలం నుంచి రెండూ వాడుతున్నాను, ఒకటి చేసే పని రెండోది చేయలేదు.

గాజువాక ఆటోనగర్‌లో మా బావగారికి స్పేర్ పార్టుల షాపు ఉంది. నేనుండేది ఊరికి ఈ చివర, మధురవాడలో. షాపులో ఉన్నది 2 జీబీ ర్యామ్ పాత సిస్టమ్, దాని మీద డెబియన్, ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్. స్టాకు, లెక్కలు అన్నీ లిబ్రేఆఫీస్‌లోనే. ప్రతి నెలా 11వ తేదీ లోపు జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల జీఎస్‌టీ రిటర్ను) వేయాలి కాబట్టి సాయంత్రాలు ఇంటి నుంచే ఆ ఫైళ్లు తెరుస్తాను.

ఎక్స్‌ఆర్‌డీపీలో నాకు బాగా నచ్చింది, ఇంట్లో విండోస్ ల్యాప్‌టాప్‌లో కొత్తగా ఏమీ ఎక్కించక్కర్లేకపోవడం. అందులో ముందే ఉన్న రిమోట్ డెస్క్‌టాప్ కనెక్షన్ చాలు. అవతల సిస్టమ్‌కి మానిటర్ లేకపోయినా, ఎవరూ లాగిన్ కాకపోయినా నాకంటూ వేరే డెస్క్‌టాప్ తెరుచుకుంటుంది. ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చిందంటే బావగారు ఏమీ నొక్కనక్కర్లేదు. కరెంటు రాగానే ఆన్ అయ్యేలా బయోస్‌లో పెట్టాను, సర్వీసు దానంతటదే లేస్తుంది. మధ్యలో ఇంటి నెట్ తెగితే తెరిచిన షీటు అలాగే ఉంటుంది, మళ్లీ కలిసి ఆపిన గడి నుంచే మొదలుపెడతాను. ఒక్కటి గుర్తుంచుకోండి: మామూలు సెట్టింగులో పాత సెషన్ దొరకాలంటే యూజరుతో పాటు రంగుల బిట్లు (తెర మీద ఒక్కో చుక్క రంగుకి వాడే బిట్లు) కూడా కలవాలి. ల్యాప్‌టాప్ నుంచి 32 బిట్లతో, ఫోన్ నుంచి 16 బిట్లతో వెళ్తే రెండు వేర్వేరు సెషన్లు లేస్తాయి. 2 జీబీ ర్యామ్‌కి అది మోయలేని బరువు. అందుకే అన్నిచోట్లా 16 పెట్టుకున్నాను. నెట్ మీద భారమూ తగ్గింది. వాల్‌పేపర్, ఎక్స్‌ఎఫ్‌సీఈ కంపోజిటర్ (విండోలకు నీడలు, మెరుగులు దిద్దేది) రెండూ తీసేస్తే కదలిక ఇంకా తేలికవుతుంది.

కొత్తవాళ్లను ఎక్కువగా ఏడిపించేది నల్ల తెర. షాపులో ఒక యూజరు లాగిన్ అయి ఉండగా అదే పేరుతో దూరం నుంచి వెళ్తే, ఒకే యూజరుకి రెండో ఎక్స్‌ఎఫ్‌సీఈ సెషన్ సరిగా లేవదు. నాకోసం వేరే యూజరు పెట్టి, లెక్కల ఫోల్డరుని ఇద్దరికీ ఉమ్మడి గ్రూపులో ఉంచాను. ఆ తర్వాత నల్ల తెర చూడలేదు.

అయితే వేరే డెస్క్‌టాప్ కదా, బావగారి తెర మీద ఏముందో నాకు కనిపించదు. “బావా, ఈ షీటులో కాలమ్‌లన్నీ ఎక్కడికో పోయాయి, చూడు” అని ఫోన్ వస్తే ఎక్స్‌ఆర్‌డీపీ దేనికీ పనికిరాదు. అక్కడ కావాల్సింది ఎక్స్11వీఎన్‌సీ. అది కొత్త సెషన్ తెరవదు, నడుస్తున్న తెరనే చూపిస్తుంది. నేను మౌస్ కదిపితే ఆయన కళ్ల ముందే కదులుతుంది. అడిగినప్పుడే ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి ఆదేశాలు ఇచ్చే భద్రమైన దారి) నుంచి దాన్ని మొదలుపెడతాను, పని కాగానే ఆపేస్తాను. అది వాడే పాత వీఎన్‌సీ పద్ధతి పాస్‌వర్డులో మొదటి 8 అక్షరాలే లెక్కలోకి వస్తాయి, బొమ్మలు కూడా గుప్తీకరణ లేకుండానే ప్రయాణిస్తాయి. కాబట్టి షాపు సిస్టమ్ లోపలి నుంచి వచ్చే కనెక్షన్లనే తీసుకునేలా దాన్ని ఉంచాలి. ఎక్స్‌ఆర్‌డీపీ సెట్టింగుల ఫైలులోనే వీఎన్‌సీకి దారి పెట్టే వీలుంది, అందువల్ల ల్యాప్‌టాప్‌లో వీఎన్‌సీ ప్రోగ్రామ్ కూడా అక్కర్లేదు. ఈ ఒక్క వీలు కోసమే నేను ఎక్స్‌ఆర్‌డీపీని వదలను.

ఎక్స్‌ఆర్‌డీపీ వాడే 3389 పోర్టుని మాత్రం రౌటర్‌లో బయటికి తెరవకండి, బతిమాలి చెబుతున్నాను. పాస్‌వర్డులు ఊహిస్తూ తిరిగే ప్రోగ్రామ్‌లు ఆ నంబరు కోసమే వెతుకుతుంటాయి. పైగా చాలా కనెక్షన్లకు సొంత పబ్లిక్ ఐపీ (బయటి నుంచి నేరుగా చేరే నెట్ చిరునామా) ఉండదు, తెరిచినా ఫలితం లేదు. అద్దెకు తీసుకున్న చిన్న సర్వరు మీద వైర్‌గార్డ్ (నెట్ మీద గుప్తమైన సొరంగం వేసే వీపీఎన్) పెట్టి, షాపు, ఇల్లు రెండూ దానికి కలిసేలా చేశాను. 2020 మార్చిలో వచ్చిన 5.6 నుంచి వైర్‌గార్డ్ లినక్స్ కెర్నల్‌లోనే ఉంది, పాత సిస్టమ్‌కీ బరువనిపించదు. షాపు వైపు కీప్‌అలైవ్ (దారి తెరిచి ఉంచడానికి అప్పుడప్పుడూ పంపే చిన్న సంకేతం) 25 సెకన్లు పెడితే దారి మూసుకుపోదు. ఫైర్‌వాల్‌లో ఆ సొరంగం నుంచి వచ్చేదానికే అనుమతి.

తెలుగు సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీని మీద రాసినవాళ్లు తక్కువ. ల్యాప్‌టాప్‌లో పెట్టుకున్న తెలుగు టైపింగ్ అవతల పనిచేస్తుందనుకోకండి, కీబోర్డు నుంచి వెళ్లేది ఏ కీ నొక్కామన్న సమాచారమే. లినక్స్‌లో భాషల టైపింగ్ చూసే ఐబస్‌ని, తెలుగు కీబోర్డులుండే దాని ఎం17ఎన్ ప్యాకేజీని షాపు సిస్టమ్‌లో ఎక్కించి, మన సెషన్‌తో పాటు ఐబస్ మొదలయ్యేలా హోమ్ ఫోల్డరులోని ఎక్స్‌సెషన్ ఫైలులో రాయాలి. ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ (ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతి) రెండూ దొరుకుతాయి. పార్టుల పేర్లు తెలుగులో రాసుకునే మా షీటుకి ఇది ప్రాణం. ఫాంట్లకు లోహిత్ తెలుగు సరిపోయింది.

శబ్దం కావాలంటే వేరే మాడ్యూల్ కావాలి, నాకు అవసరం పడలేదు. వీడియోలు చూసే పనికి నా దగ్గరున్న ఎక్స్‌ఆర్‌డీపీ 0.9 వెర్షన్ల వరుస తగదు. ఫైళ్లు ఇంటికి తెచ్చుకోవడానికి డ్రైవ్ పంచుకునే సదుపాయం ఉంది, పెద్ద ఫైళ్లకు ఎస్‌ఎఫ్‌టీపీయే (ఎస్‌ఎస్‌హెచ్ మీద ఫైళ్లు పంపే పద్ధతి) మేలు. ప్రింటు కొడితే షాపు ప్రింటర్ మీదే వస్తుంది, మాకు కావాల్సింది కూడా అదే.

2024లో వచ్చిన ఎక్స్‌ఆర్‌డీపీ 0.10లో కొత్త గ్రాఫిక్స్ పద్ధతి చేరింది. డెబియన్ 13లో ఆ వరుసే ఉంది, షాపు మూసే ఆదివారం ఒకటి చూసి మారుస్తాను.