పటాలకు పూర్తి మార్కులు, వ్యాఖ్యలకు సగమే: ఆదిమ మొక్కల చిత్రసంపుటి సమీక్ష

పెరట్లోనో, కుండీలోనో, దారి పక్కనో రోజూ కంటపడే మొక్కల్లో కొన్నింటి వంశం డైనోసార్ల కంటే పాతది. ఆ సంగతిని వృక్షచిత్రకళ ద్వారా చెప్పాలనే సంకల్పంతో వెలువడిన 12 పటాల పెట్టె ఇది. ఫెర్న్, ఈతచెట్టులా కనిపించే సైకస్, కణుపుల కాండం గల ఈక్విసెటం, విసనకర్ర ఆకుల జింకో చెట్టు, మాగ్నోలియా, కలువ, తామర, శంకువులు కాసే చెట్లైన అరాకేరియా, మెటాసెకోయా, పూలు పూయని చిన్న మొక్క సెలాజినెల్లా, నేలను అంటిపెట్టుకుని పెరిగే మాస్, లివర్‌వర్ట్‌లకు తలా ఒక పటం ఉంది. మూలచిత్రాలన్నీ నీటిరంగులతో వేసినవి. ప్రతి పటం వెనుకా ఒక పేరా వ్యాఖ్య అచ్చువేశారు. బొమ్మలు వేసిన చేయి మొక్కను ఓపికగా చూసింది గానీ, వ్యాఖ్య రాసిన కలం అంత ఓపిక పట్టలేదన్నది నా అభిప్రాయం.

సంపుటిలో మొదట చూడవలసినది ఈక్విసెటం పటం. ఛాయాచిత్రం మొక్కను ఒకానొక రోజున ఉన్నట్టుగా మాత్రమే పట్టుకోగలదు. వృక్షచిత్రం వేర్వేరు ఋతువుల్లో కనిపించే దశలను ఒకే కాగితం మీదకు తేగలదు. ఈ మొక్కకు ఆ వెసులుబాటు చాలా అవసరం. వసంతంలో ముందుగా పచ్చదనం లేని లేతగోధుమ రంగు కాండం పైకి వచ్చి, కొనన ఉన్న శంకువు నుంచి సిద్ధబీజాలను (విత్తనాలకు బదులు వంశాన్ని పెంచే ధూళిలాంటి కణాలను) వెదజల్లి వాడిపోతుంది. ఆ తరువాతే కొమ్మల వలయాలతో ఆకుపచ్చని కాండం ఎదుగుతుంది. రెండూ వేర్వేరు మొక్కలని పొరబడేంత తేడా ఉన్నా, నేల కింద అవి ఒకే కాండానికి పుట్టినవని చిత్రకారుడు అడుగున స్పష్టంగా చూపించారు. కణుపుల దగ్గర పళ్లలా నిలిచిన ముదురు అంచు, నిజానికి చిక్కిపోయి ఒరలా కలిసిపోయిన ఆకులే. మూలన పెద్దదిగా చూపిన సిద్ధబీజానికి నాలుగు పట్టీల్లాంటి చేతులున్నాయి. గాలిలో తేమ హెచ్చుతగ్గులను బట్టి అవి ముడుచుకుంటూ విచ్చుకుంటూ బీజాన్ని కదిలిస్తాయి. దాదాపు 30 కోట్ల ఏళ్ల కిందటి, తరువాత నేలబొగ్గుగా మారిన అడవుల్లో ఈ మొక్క బంధువులైన కాలమైటీస్ పది మీటర్లకు పైగా చెట్లై నిలిచాయని వ్యాఖ్య చెబుతుంది. సంపుటి మొత్తంలో బొమ్మకు దీటైన వ్యాఖ్య ఇదొక్కటే.

జింకో పటం అందంలో దీనికి తీసిపోదు. విసనకర్ర ఆకులో నడిమి ఈనె ఉండదు. ప్రతి ఈనే రెండుగా చీలుతూ అంచు దాకా సాగుతుంది. ఆ చీలికలన్నిటినీ ఎక్కడా తెగకుండా గీయడం కంటికీ చేతికీ గట్టి పరీక్షే. అంతకంటే మెచ్చుకోవలసిన సంగతి మరొకటి ఉంది. పొట్టి కొమ్మల మీది నిండు ఆకుతో పాటు, పొడవుగా సాగే లేత కొమ్మల మీద వచ్చే లోతుగా చీలిన ఆకును కూడా చిత్రించారు. సుమారు 17 కోట్ల ఏళ్ల కిందటి జింకో శిలాజాల్లో ఆకులు లోతుగా చీలి ఉంటాయి కనుక, తెలిసిన కంటికి ఈ ఒక్క రెమ్మలోనే పాత రూపూ కొత్త రూపూ పక్కపక్కన దొరుకుతాయి. కానీ వెనక్కి తిప్పితే, ఈ చెట్టు అప్పటి నుంచి ఇప్పటి దాకా ఏమాత్రమూ మారలేదని రాసి ఉంది! ముందువైపు బొమ్మే ఆ మాటను కాదంటోంది.

ఇదే జబ్బు సైకస్ వ్యాఖ్యకూ సోకింది. సైకస్‌ల వంశం 25 కోట్ల ఏళ్లకు పైబడినదే, సందేహం లేదు. అయితే ఇప్పుడు బతికి ఉన్న సైకస్ జాతుల్లో అత్యధికం గత 1.2 కోట్ల ఏళ్లలో విడివడి ఏర్పడ్డవని 2011లో వెలువడిన జన్యు పరిశోధన చూపించింది. అంటే డైనోసార్లు చూసినవి ఈ జాతులు కావు, వీటి పూర్వీకులు. ఫెర్న్‌ల కథా కొంత ఇలాంటిదే. నేడు మనం చూసే ఫెర్న్‌లలో అధికభాగం పూలమొక్కలు వ్యాపించిన తరువాత, వాటి నీడలో విస్తరించినవి. నిజంగా మారలేదని చెప్పదగ్గ ఉదాహరణ కావాలంటే ఆస్మండా ఫెర్న్‌ను ఎంచుకోవలసింది: స్వీడన్‌లో దొరికిన, సుమారు 18 కోట్ల ఏళ్ల నాటి దాని బంధువు శిలాజంలో కణకేంద్రకాలు, క్రోమోజోములు కూడా చెక్కుచెదరక నిలిచాయి. అలాగే, 1896లో జపాన్ శాస్త్రవేత్తలు హిరాసే, ఇకెనో జింకోలోనూ సైకస్‌లోనూ ఈదే పురుష బీజకణాలను కనుగొన్న విషయం రెండు వ్యాఖ్యల్లో ఏ ఒక్కదానిలోనూ లేదు. విత్తనాలు కాసే చెట్లలో ఫెర్న్‌ల నాటి పాత పద్ధతి మిగిలిపోయిందనడానికి అంతకంటే మంచి సాక్ష్యం ఏముంటుంది?

కలువ, తామర పటాలను జంటగా పెట్టి, అక్కాచెల్లెళ్లన్నట్టు రాశారు. నీటిలో బతకడం తప్ప వాటి మధ్య దగ్గరి చుట్టరికం లేదు. కలువ పూలమొక్కల వంశవృక్షంలో చాలా తొలినాళ్లలోనే చీలిపోయిన కొమ్మ. తామరకు దగ్గరి బంధువులు నేల మీది ప్లేన్ చెట్లు, మకడేమియా గింజల చెట్లు. ఇక్కడా బొమ్మలే నిజం చెప్పాయి: కలువ ఆకు గంటుతో నీటిపై తేలుతుంది, తామర ఆకు గంటు లేకుండా గుండ్రంగా, తొడిమ నడుమ మీద నిలిచి నీటికి ఎత్తుగా లేస్తుంది. తామర గింజల దిమ్మెను నిలువునా కోసి చూపిన చిత్రం ప్రత్యేకించి బాగుంది.

మెటాసెకోయాను ముందుగా 1941లో శిలాజాల ద్వారా గుర్తించి, ఆ తరువాత చైనాలో బతికున్న చెట్లను కనుగొన్న ఉదంతం క్లుప్తంగా, సరిగానే చెప్పారు. మాస్, లివర్‌వర్ట్ పటాలు మాత్రం అలంకారానికే తప్ప ఎందుకూ కొరగావు. అంత చిన్న మొక్కలకు తప్పనిసరిగా ఉండవలసిన, అసలు పరిమాణాన్ని తెలిపే కొలత గీత రెండింటిలోనూ లేదు.

కాగితం మందంగా, మెరుపు లేకుండా ఉంది. ముదురు ఆకుపచ్చలు అచ్చులో కాస్త నల్లబడ్డాయి; సైకస్ పటంలో ఈ లోపం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తరగతి గదిలో వాడదలచిన ఉపాధ్యాయులు వ్యాఖ్యలను సరిదిద్దుకుని గానీ చదివి వినిపించకూడదు. గోడకు తగిలించుకునే ఉద్దేశంతో కొనేవారికి ఆ చిక్కు లేదు: ఈక్విసెటం, జింకో పటాలకు చట్రం కట్టించి, నేరుగా ఎండ పడని చోట పెట్టుకుంటే చాలు, వ్యాఖ్య ఎలాగూ గోడవైపే ఉంటుంది.