ఆటోనగర్ డీజిల్ నాజిల్ షెడ్డు - సౌండ్ ఎంత తగ్గాలో అంతే తగ్గించారు

గాజువాక ఆటోనగర్‌లో డీజిల్ పంపు, నాజిల్ (ఇంజిన్‌లోకి డీజిల్‌ని తుంపరగా కొట్టే ఇంజెక్టర్ మొన) పని మాత్రమే చేసే చిన్న షెడ్డు ఒకటుంది, బోర్డు సగం చెరిగిపోయి ఉంటది, పొద్దున్నే గట్టిగా టకటక కొట్టే మా పాత డీజిల్ ఇండికా కారు అక్కడే చేయించా. రివ్యూ ఎందుకంటే పాత డీజిల్ బండి కనపడితే చాలు ఇంజిన్ దింపేద్దాం అనే బ్యాచ్ వైజాగ్‌లో ఎక్కువైపోయింది. సిటీలో ఇంకో చోట బానెట్ ఎత్తారో లేదో బోరింగ్ (ఇంజిన్ విప్పి సిలిండర్లు లోపల గీయడం) చెయ్యాలి అని పెద్ద ఓవర్‌హాల్ ఎస్టిమేట్ చేతిలో పెట్టారు.

ఇక్కడ మేస్త్రి గారు రాత్రికి బండి వదిలేసి వెళ్ళమన్నారు, పొద్దున్న చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి వింటే గానీ చెప్పలేను అన్నారు. పెద్ద స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కి ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని కాసేపు విన్నారు, తర్వాత ఐడ్లింగ్‌లోనే ఒక్కో ఇంజెక్టర్ పైపు నట్టు స్పానర్‌తో కొంచెం లూజ్ చేస్తూ వచ్చారు, అలా చేస్తే ఆ సిలిండర్‌కి డీజిల్ ఆగుద్ది. మూడోదాని దగ్గర ఆ గట్టి టకటక టక్కున ఆగిపోయింది. "ఏటి బాబూ, దీనికా బోరింగ్ అన్నారు?" అని ఒక నవ్వు. నాలుగు ఇంజెక్టర్లూ విప్పి టెస్టర్ మీద లివర్ కొడితే మిగతా మూడు సన్నటి తుంపరగా కొడుతున్నాయి, ఆ మూడోది మాత్రం చుక్కలు కారుస్తోంది. (ఈ నట్టు లూజ్ చేసే ట్రిక్ స్విఫ్ట్ డీజిల్ లాంటి కామన్ రైల్ బండ్ల (అన్ని ఇంజెక్టర్లకీ ఒకే హై ప్రెషర్ పైపు నుంచి డీజిల్ వెళ్ళేవి) మీద చెయ్యకండి బాబూ, వాటిలో ప్రెషర్ వెయ్యి బార్ పైకి కూడా పోద్ది, డీజిల్ చర్మంలోకి దూసుకుపోద్ది.)

నాకు నచ్చింది ఏంటంటే సౌండ్ మొత్తం పోతుందని అబద్ధం చెప్పలేదు. డీజిల్‌కి స్పార్క్ ప్లగ్ ఉండదు కదా, గాలిని బాగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి, స్ప్రే పడ్డాక అంటుకునే లోపు చిన్న గ్యాప్ ఉంటది, ఆ గ్యాప్‌లో పోగైన డీజిల్ అంతా ఒక్కసారి మండితే ప్రెషర్ అమాంతం పెరుగుద్ది, ఆ దెబ్బే మనకి వినపడే టకటక. ఇంజిన్ చల్లగా ఉంటే గ్యాప్ ఎక్కువ, అందుకే పొద్దున్న గోల. నాజిల్ కారినా, పంపు టైమింగ్ ముందుకి జరిగినా ఇంకా పెరుగుద్ది. కామన్ రైల్ వాటిలో కంప్యూటర్ ముందు కాస్త డీజిల్ వదిలి మంట అంటించి తర్వాత మెయిన్ డోసు ఇస్తది కాబట్టి అవి మెత్తగా ఉంటాయి. 1998లో వచ్చిన ఇండికా డిజైన్‌కి ఆ సౌకర్యం ఎక్కడిది!

నాజిల్ మార్చి, టైమింగ్ సెట్ చేశారు, టాపెట్లు (వాల్వుల దగ్గర గ్యాప్) చూసి బానే ఉన్నాయి ముట్టుకోనక్కర్లేదన్నారు. లోపల సీటు, స్టీరింగ్ వణకడానికి కారణం రబ్బరు చచ్చిపోయిన ఇంజిన్ మౌంటింగ్ అంట, అది వేరే. ఇక సైలెన్సర్ క్లాంపు మన ఉప్పుగాలికి తుప్పు పట్టి ఊగుతోంది, దాని గలగల కూడా ఇన్నాళ్ళూ ఇంజిన్ ఖాతాలోనే పడింది.

బిల్లు ఆ ఓవర్‌హాల్ ఎస్టిమేట్‌లో పదో వంతు కూడా అవ్వలేదు. కానీ బిల్లంటే చీటీ ముక్క, వారంటీ గట్రా అడక్కండి, కూర్చోడానికి టైరే గతి, రేపిస్తాం అంటే ఎల్లుండి అనుకోండి, ఫోన్ అయితే అస్సలు ఎత్తరు. 5కి 4 ఇస్తా. కామన్ రైల్ ఇంజెక్టర్లు మాత్రం వీళ్ళు చెయ్యరు, దానికి వేరే మెషిన్ కావాలంట, ఆ బండ్లోళ్ళు అంత దూరం వెళ్ళొద్దు.