జపాన్‌లో కత్తి కొనాలంటే: కప్పాబాషీ మేలా, సకాయ్ మేలా?

"జపాన్ వెళ్తున్నాం, చేత్తో చేసిన మంచి వంటింటి కత్తి ఒకటి తెచ్చుకోవాలి, ఎక్కడ కొనాలి?" అని ఈ మధ్య ముగ్గురు అడిగారు. నేను మొదటిసారి టోక్యోలోని కప్పాబాషీ వీధిలో కొన్నాను, రెండోసారి ఒసాకా పక్కనున్న సకాయ్‌లో కొన్నాను. ఒకటి రోజూ మా వంటగట్టు మీదే ఉంటుంది. రెండోది నూనె రాసి, పేపర్లో చుట్టి సొరుగులో పెట్టి ఉంది. ఏది ఎక్కడుందో, ఎందుకో చెప్తాను.

ముందు కప్పాబాషీ. టోక్యోలో ఉయేనోకీ అసకుసాకీ మధ్య ఉంటుంది. గింజా లైన్లో తవారమాచి స్టేషన్లో దిగి కాస్త నడిస్తే, ఒక బిల్డింగు మీద తెల్లటోపీ పెట్టుకున్న పెద్ద వంటవాడి తల కనిపిస్తుంది. వీధి అక్కడే మొదలు. 800 మీటర్ల పొడవున 170 దాకా షాపులు, అన్నీ హోటళ్ల సామానే. మన బేగంబజార్లో గిన్నెల షాపుల వైపు వెళ్లినట్టే ఉంటుంది, అరుపులు మాత్రం ఉండవు. దీని గొప్పేమిటంటే సకాయ్, సెకి, ఎచిజెన్, సంజో, తోసా ఊళ్ల కత్తులన్నీ ఒకే అరలో పక్కపక్కన దొరుకుతాయి. పది కత్తులు చేత్తో పట్టుకుని బరువు చూసుకోవచ్చు. ఇంగ్లీషు వచ్చినవాళ్లుంటారు. చాలా షాపుల్లో కత్తి మీద మన పేరు కూడా చెక్కిచ్చేస్తారు.

చిక్కల్లా ఏమిటంటే, అన్ని కత్తులు ఒకచోట చూసేసరికి మనం కంటికి నచ్చిందే కొంటాం. నేను చేసింది అదే. నీళ్ల అలల్లా గీతలున్న 'డమాస్కస్' సంతోకు (అన్నిటికీ వాడే ఇంటి కత్తి) కొన్నాను. దాని నడుమ ఉన్న ఉక్కు వీజీ-10 అనే స్టెయిన్‌లెస్ రకం, మంచిదే. పదును దానిదే. అలలు మాత్రం పైన అతికించిన పొరలవి, వాటికీ తెగడానికీ సంబంధం లేదు. చాలావాటికి ఆ పొరల రేకు ఫ్యాక్టరీ నుంచి తయారుగానే వస్తుంది. ఏడాదిపాటు రాయి మీద నూరేసరికి పదునంచు పక్కన గీతలు మసకబారాయి. ఆ అందానికి కట్టిన అదనపు డబ్బు అలా రాయి పాలైంది.

మాటలో మాట, డమాస్కస్ కత్తులకు ఒకప్పుడు ఆ పేరు తెచ్చిన ఉక్కు, మట్టి మూసల్లో కరిగించి చేసేది, మన దక్షిణాది నుంచి వెళ్లేది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం కొలుముల దగ్గరికి పర్షియా వర్తకులు వచ్చి మరీ కొనుక్కెళ్లేవారు. ఇప్పుడు షాపుల్లో మెరిసే గీతలకు ఆ ఉక్కుతో చుట్టరికం పేరు వరకే.

ఇక సకాయ్. ఒసాకాకు ఆనుకుని దక్షిణాన ఉన్న ఊరు. పాత హన్‌కై ట్రామ్ ఎక్కి మ్యోకొకుజి స్టాప్‌లో దిగితే సకాయ్ దెన్షోకన్ అనే చేతివృత్తుల మ్యూజియం దగ్గరే. కత్తుల గ్యాలరీ, అమ్మకం రెండూ అందులోనే. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లతో పొగాకు వచ్చాక, ఆ ఆకు తరగడానికి ఈ ఊరి కమ్మరులు చేసిన కత్తులకు గిరాకీ పెరిగింది. నాణ్యతకు గుర్తుగా, తర్వాత జపాన్‌ను ఏలిన తొకుగావా ప్రభుత్వం 'సకాయ్ కివామె' అనే ముద్ర కూడా ఇచ్చింది.

ఇక్కడ నాకు తెలిసొచ్చింది ఒకటుంది. 'ఈ కత్తి ఎవరు చేశారు?' అనే ప్రశ్నకు సకాయ్‌లో ఒక్క పేరు జవాబు కాదు. ఇనుము కాల్చి సాగగొట్టేవాడు ఒకడు, పదును పెట్టేవాడు ఇంకొకడు, పిడి బిగించేవాడు మరొకడు. కత్తి మీద ఉండే పేరు చాలాసార్లు వీళ్లెవరిదీ కాదు, ముగ్గురికీ పని ఇచ్చే వర్తకుడిది. కాబట్టి అసలైన చేతిపని కావాలనుకునేవాళ్లు బ్రాండ్ పేరు అడిగి ఊరుకోకండి. కాచి కొట్టిందెవరు, నూరిందెవరు అని అడగండి. తెలిసిన షాపువాళ్లు చెప్తారు, చెప్పడం వాళ్లకూ ఇష్టమే. పేరు మీద గోరుతో గీకి కూడా చూడండి. ఉలితో చెక్కిన అక్షరమైతే గోటికి అంచులు తగులుతాయి, ఒక్కో గీత ఒక్కో లోతులో ఉంటుంది. అచ్చు వేసిందైతే నున్నగా జారిపోతుంది.

నాకు కత్తి చూపించిన పెద్దాయన ధర మాట ఎత్తకముందే రెండు విషయాలు అడిగాడు: ఏం కోస్తావు, ఏ చేత్తో కోస్తావు? ఎక్కువగా కూరగాయలే అన్నాను. వెంటనే నేను ఆశగా చూస్తున్న పొడుగాటి యానాగిబాని తీసి పక్కన పెట్టేశాడు. సకాయ్‌కి పేరు తెచ్చినవి అలాంటి ఒంటివైపు పదును కత్తులు. పచ్చి చేపను పలచగా కోయడానికి వాటికి సాటి లేదు. వాటితో బంగాళాదుంప కోస్తే మాత్రం కత్తి ఒకవైపుకు లాగేస్తుంది. ఎడమచేతివాళ్లకైతే అవి వేరుగా చేయాలి, ధరా ఎక్కువే. మన ఇళ్లకు రెండువైపులా పదునున్న నకిరి (కూరగాయల కత్తి) గానీ సంతోకు గానీ చాలు.

నకిరి తీసుకున్నాను, షిరోగామి అనే కార్బన్ ఉక్కుది. ఉల్లిపాయ మీద పెడితే నొక్కకుండానే దిగిపోతుంది. ఇంటికొచ్చిన వారానికి పప్పులోకి మామిడికాయ కోస్తుంటే ఫోన్ మోగింది. మాట్లాడి వచ్చేసరికి ఇరవై నిమిషాలైంది. కత్తి మీద నీలం, నలుపు మచ్చలు, ముక్కల అంచులు నల్లగా. ఆ రోజు పప్పు ఇనుము వాసన కొట్టింది. అమ్మ ఒక్క మాటే అంది: "ఇంతకీ మన కత్తిపీట ఏం పాపం చేసింది నాయనా?" కార్బన్ ఉక్కుకు పులుపు పడదు. చింతకాయ, నిమ్మకాయ, టమాటా లేకుండా మనకు రోజు గడవదు. ఆ కత్తినేమో కోసిన వెంటనే తుడవాలి. ముగ్గురు వండే ఇంట్లో అది జరిగే పని కాదు. అందుకే అది సొరుగులో ఉంది, నేనొక్కడినే వండే రోజున బయటికొస్తుంది. రోజూ పనిచేస్తున్నది గీతలు మాసిన టోక్యో కత్తే.

అలాగని టోక్యోకే ఓటు వేయను. ఒసాకా వైపు వెళ్తుంటే ఒక పూట సకాయ్‌కి ఇవ్వండి. అక్కడే గిన్సాన్ అనే స్టెయిన్‌లెస్ ఉక్కుతో కాచి కొట్టిన నకిరి అడగండి. చేతిపనీ దక్కుతుంది, పప్పూ బాగుంటుంది. టోక్యో దాటని వాళ్లకు కప్పాబాషీ చాలు, డమాస్కస్ అర దగ్గర మాత్రం ఎక్కువసేపు నిలబడకండి. సెకి కోసం ప్రత్యేకంగా వెళ్లక్కర్లేదు. ఒకప్పుడు ఖడ్గాల ఊరే అయినా ఇప్పుడక్కడ ఫ్యాక్టరీ పనే ఎక్కువ, ఆ కత్తులు ఎక్కడైనా దొరుకుతాయి. కమ్మరి పని కళ్లారా చూడాలనుంటే మాత్రం ఎచిజెన్‌లోని తకేఫు నైఫ్ విలేజ్ మేలు. 2024 మార్చి నుంచి అటు షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు) కూడా వెళ్తోంది.

పాస్‌పోర్ట్ దగ్గర పెట్టుకోండి. 5,000 యెన్లు దాటితే, ఆ సదుపాయం ఉన్న షాపుల్లో 10 శాతం పన్ను మినహాయింపు ఉంది. 2026 నవంబర్ 1 నుంచి ముందు పన్నుతో సహా కట్టి, దేశం వదిలేటప్పుడు వాపసు తీసుకోవాలి. కొన్న కత్తి ప్యాకింగ్ దారిలో విప్పకండి. సరైన కారణం లేకుండా 6 సెంటీమీటర్లు మించిన కత్తి వెంట తిప్పడం అక్కడ నేరం. విమానంలో చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టాలి.

ఇంటికొచ్చాక కొబ్బరికాయ, మటన్ ఎముక, ఆవకాయ టెంక దీని దగ్గరికి రానివ్వకండి. గట్టి ఉక్కు, అంచు పెచ్చులుగా లేస్తుంది. సైకిల్ మీద వచ్చే సానవాడికీ ఇవ్వకండి. ఆ చక్రం వేడికి పదును పోతుంది. కత్తి కొన్న షాపులోనే వెయ్యి నంబరు నీటిరాయి (నీళ్లు చల్లి కత్తి నూరే రాయి) ఒకటి తీసుకోండి. అది కిలో దాకా తూగుతుంది, లగేజీ లెక్కలో వేసుకోండి.