గాంధీ రోడ్డు బండి మీద గిల్గమేష్

తిరుపతి గాంధీ రోడ్డులో పాత పుస్తకాల బండి మీద రాబర్ట్ సిల్వర్‌బర్గ్ నవల ‘గిల్గమేష్ ద కింగ్’ 120 రూపాయలకు దొరికింది. 1984 నాటిది. దీనికి మూలమైన ప్రాచీన మెసొపొటేమియా (నేటి ఇరాక్ ప్రాంతం) కావ్యంలో ఉరుక్ నగర రాజు గిల్గమేష్ మూడింట రెండు వంతులు దేవుడు, ఒక వంతు మనిషి. (తల్లీ తండ్రీ ఇద్దరే కదా, ఈ మూడు వంతుల లెక్క ఎలా కుదిరిందో!) నవలలో అతనే ‘నేను’ అంటూ చెప్పుకొస్తాడు. కావ్యంలో స్నేహితుడు ఎంకిడు చనిపోతే, ముక్కులోంచి పురుగు రాలేదాకా గిల్గమేష్ ఆ శవాన్ని వదలడు. ఆ మొండి దుఃఖం తెలిసినవారికి ఈ మనిషి గొంతు మరీ నచ్చుతుంది. మహిమలు తగ్గించారు, నాకైతే అదే బాగుంది. అట్ట బంక వాసన భరించాలి. చివరి పన్నెండు పేజీలు లేవు. బండతన్ని అడిగితే, ‘‘అందుకే సార్, తక్కువకిచ్చాను’’ అన్నాడు.