ప్యూర్‌ఎక్స్‌ప్రెస్ డెల్టా రైబోజోమ్ కిట్: హైబర్నేషన్ ప్రోటీన్ల పరీక్షకు ఎంతవరకు పనికొస్తుంది?

పోషకాలు అడుగంటినప్పుడు బ్యాక్టీరియా తన రైబోజోములను (ప్రోటీన్లు తయారుచేసే కణ యంత్రాలను) ఊరికే వదిలేయదు, పని ఆపించి భద్రంగా దాచుకుంటుంది. దీన్నే హైబర్నేషన్ అంటారు. ఈ.కోలైలో ఆ బాధ్యత ఆర్‌ఎమ్‌ఎఫ్, హెచ్‌పీఎఫ్, వైఎఫ్‌ఐఏ అనే మూడు చిన్న ప్రోటీన్లది. మొదటి రెండూ కలిసి రెండేసి 70ఎస్ రైబోజోములను (పూర్తి రైబోజోములను) జతచేసి 100ఎస్ అనే జంటగా చేస్తాయి. మూడోది 70ఎస్‌ను విడిగానే ఉంచి ఆపుతుంది. కొత్తగా దొరికిన ప్రోటీన్ ఏదైనా ఇలా రైబోజోమును నేరుగా ఆపుతోందా, లేక కణంలో ఇంకేదో మారడం వల్ల ప్రోటీన్ తయారీ తగ్గిందా అని తేల్చాలంటే కణాన్నే పక్కన పెట్టాలి. కణం లేకుండా గొట్టంలోనే ప్రోటీన్ తయారుచేయడానికి న్యూ ఇంగ్లండ్ బయోల్యాబ్స్ అమ్మే ప్యూర్‌ఎక్స్‌ప్రెస్ డెల్టా రైబోజోమ్ కిట్‌ను ఆ ఒక్క పని కోసమే ఇక్కడ అంచనా వేస్తున్నాం. మామూలుగా ప్రోటీన్ తయారు చేసుకోవడానికైతే సాధారణ ప్యూర్‌ఎక్స్‌ప్రెస్ చాలు, ఇది అనవసరం.

దీని మూలం 2001లో టోక్యో విశ్వవిద్యాలయంలో షిమిజు, ఉయెదా బృందం ప్రకటించిన ప్యూర్ పద్ధతి. కణద్రవాన్ని మొత్తంగా వాడకుండా, అనువాదానికి (ఎంఆర్‌ఎన్‌ఏను చదివి ప్రోటీన్ కూర్చడానికి) కావాల్సిన కారకాలను ఒక్కొక్కటిగా శుద్ధిచేసి కలపడం అందులోని కిటుకు. అనువాదాన్ని మొదలుపెట్టే ఐఎఫ్1, 2, 3, కొనసాగించే ఈఎఫ్-టీయూ, ఈఎఫ్-టీఎస్, ఈఎఫ్-జీ, ముగించే విడుదల కారకాలు, ఆ తర్వాత రైబోజోమును విడదీసే ఆర్‌ఆర్‌ఎఫ్, టీఆర్‌ఎన్‌ఏలకు ఎమైనో ఆమ్లాలను తగిలించే ఇరవై ఎమైనోఎసైల్ టీఆర్‌ఎన్‌ఏ సింథటేజులు, డీఎన్‌ఏ నుంచి ఎంఆర్‌ఎన్‌ఏ తీసే టీ7 ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్, శక్తిని మళ్లీ నింపే ఎంజైములు ఉంటాయి. ప్రోటియేజులు, న్యూక్లియేజులు దాదాపు ఉండవు. డెల్టా రూపంలో రైబోజోములు వేరే గొట్టంలో వస్తాయి కాబట్టి వాటిని కారకాల కంటే ముందే మన ప్రోటీన్‌తో కలిపి ఉంచవచ్చు. ఈ పరీక్షకు కిట్‌ను పనికొచ్చేలా చేసేది ఆ వెసులుబాటే.

ఒక రియాక్షన్ 25 మైక్రోలీటర్లు. సొల్యూషన్ ఎ 10, ఫ్యాక్టర్ మిక్స్ (పై కారకాల మిశ్రమం) 3, రైబోజోములు 4.5 మైక్రోలీటర్లు. రైబోజోముల గాఢత 13.3 మైక్రోమోలార్, అంటే రియాక్షన్‌కు 60 పికోమోల్, తుది గాఢత 2.4 మైక్రోమోలార్. మిగిలిన 7.5 మైక్రోలీటర్లలోనే మన ప్రోటీన్, టెంప్లేట్ (ప్రోటీన్ సమాచారం ఉన్న డీఎన్‌ఏ లేదా ఎంఆర్‌ఎన్‌ఏ), ఆర్‌ఎన్‌ఏను కోసే ఎంజైమును ఆపే ఆర్‌ఎన్‌ఏస్ ఇన్‌హిబిటర్, నీళ్లు అన్నీ సర్దుకోవాలి. లెక్క తప్పేది ఇక్కడే. రైబోజోముకు అయిదు రెట్లు హెచ్‌పీఎఫ్ కావాలంటే 300 పికోమోల్, స్టాక్ 100 మైక్రోమోలార్ అయితే 3 మైక్రోలీటర్లు. ఆ స్టాక్ బఫర్‌లో 500 మిల్లీమోలార్ పొటాషియం క్లోరైడ్, 50% గ్లిసరాల్ ఉంటే రియాక్షన్‌లోకి అదనంగా 60 మిల్లీమోలార్ ఉప్పు, 6% గ్లిసరాల్ చేరతాయి. అంత ఉప్పుకే తయారీ తగ్గిపోవచ్చు. అందుకని హెచ్‌పీఎఫ్ లేని నియంత్రణ గొట్టంలో నీళ్లు పోస్తే సరిపోదు, అదే బఫర్ అంతే పరిమాణంలో పోయాలి. ఇంకా మంచిది, ప్రోటీన్‌ను ముందే రైబోజోమ్ బఫర్‌లోకి డయాలిసిస్ చేసుకోవడం. రైబోజోముకు అతుక్కోలేని మ్యూటెంట్ ఉంటే నియంత్రణగా దాన్ని మించింది లేదు.

కిట్ చెప్పిన 2.4 మైక్రోమోలార్‌తోనే మొదలుపెట్టడం ఈ పరీక్షకు సరికాదని మా అభిప్రాయం. అంత రైబోజోమ్ ఉన్నప్పుడు తయారీ వేగాన్ని నిర్ణయించేది శక్తో, టీఆర్‌ఎన్‌ఏలో, మరో కారకమో అయి ఉండవచ్చు. అప్పుడు సగం రైబోజోములు ఆగిపోయినా సిగ్నల్ (తయారైన రిపోర్టర్ ప్రోటీన్ నుంచి కొలిచే వెలుగు) కదలకపోవచ్చు, ప్రోటీన్‌కు ప్రభావమే లేదని పొరబడతాం. ముందు 0.3, 0.6, 1.2, 2.4 మైక్రోమోలార్ల దగ్గర ప్రోటీన్ లేకుండా నడిపి, రైబోజోమ్ తగ్గినంత మేరా సిగ్నల్ తగ్గే పరిధి ఎక్కడుందో చూసి అందులోనే పనిచేయాలి. తగ్గించిన పరిమాణాన్ని నీళ్లతో నింపకూడదు, రైబోజోమ్ బఫర్‌తోనే నింపాలి. లేకపోతే గొట్టం గొట్టానికీ మెగ్నీషియం మారుతుంది. దాని మార్పును రైబోజోమ్ అస్సలు సహించదు.

కలిపే వరుస మీదే ఫలితం ఆధారపడుతుంది. హెచ్‌పీఎఫ్, వైఎఫ్‌ఐఏ రెండూ 30ఎస్ (రైబోజోము చిన్న భాగం) మీద ఎంఆర్‌ఎన్‌ఏ నడిచే దారిలో, ఎ, పి స్థానాల టీఆర్‌ఎన్‌ఏలు కూర్చునే చోట అతుక్కుంటాయి. ఆర్‌ఎమ్‌ఎఫ్ 16ఎస్ ఆర్‌ఎన్‌ఏ 3' చివర పక్కన, ఎంఆర్‌ఎన్‌ఏ మీది ప్రారంభ సూచిక షైన్-డాల్‌గార్నో జతకట్టే చోటుకు అడ్డంగా కూర్చుంటుంది. అప్పటికే ఎంఆర్‌ఎన్‌ఏ, టీఆర్‌ఎన్‌ఏ చేరిన రైబోజోములో వీటికి చోటు దొరకదు. కాబట్టి రైబోజోములను, ప్రోటీన్‌ను ముందు విడిగా 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర పది నిమిషాలు ఉంచి, తర్వాతే సొల్యూషన్ ఎ, ఫ్యాక్టర్ మిక్స్, టెంప్లేట్ కలపాలి. పక్కనే వరుస తిప్పిన రియాక్షన్ కూడా నడపాలి. ముందు కలిపితేనే ఆగి, తర్వాత కలిపితే ఆగకపోతే ఆ ప్రోటీన్ ఖాళీ రైబోజోమునే పడుతోందని బలమైన సూచన. సైక్రోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియాలో 2024లో వెల్లడైన బాలోన్ లాంటి ప్రోటీన్లు ఈ కోవలోకి రావు. అవి ప్రోటీన్ కూరుస్తూ ఉన్న రైబోజోము ఎ స్థానంలోకి కూడా చేరగలవు. వాటి కోసం రియాక్షన్ మధ్యలో కలిపే మూడో గొట్టం కావాలి.

కిట్ మాన్యువల్ రెండు నుంచి నాలుగు గంటలు ఉంచమంటుంది. ఉత్పత్తి కోసమైతే అది సరే. నిరోధం చూడాలంటే 10, 20, 30, 45 నిమిషాల దగ్గర తీసిన నమూనాలే నమ్మదగ్గవి. రెండు గంటలకల్లా నిరోధం ఉన్న గొట్టమూ లేని గొట్టమూ ఒకే ఎత్తుకు చేరవచ్చు. పైగా ఫ్యాక్టర్ మిక్స్‌లో ఈఎఫ్-జీ, ఆర్‌ఆర్‌ఎఫ్, ఐఎఫ్3 ఉన్నాయి. స్టెఫిలోకాకస్ ఆరియస్‌లో ఈఎఫ్-జీ, ఆర్‌ఆర్‌ఎఫ్ జీటీపీ సాయంతో హైబర్నేషన్‌లో ఉన్న రైబోజోములను విడదీయగలవని తెలిసిందే. అంటే మనం ఆపిన వాటిని తిరిగి లేపే సామగ్రి కూడా అదే గొట్టంలో ఉండే అవకాశం ఉంది. ఇది కిట్ లోపమని అనలేం, కానీ ఈ కారకాలన్నీ ఒకే గొట్టంలో రావడం వల్ల ఈఎఫ్-జీని తగ్గించి చూద్దామంటే వీలుకాదు. మనకు ప్రధానంగా కనిపించే కొరత అదే. రిపోర్టర్‌గా జీఎఫ్‌పీ కన్నా లూసిఫరేజ్ మేలు. జీఎఫ్‌పీ తయారయ్యాక వెలగడానికి పట్టే సమయం తొలి నిమిషాల వక్రరేఖను చెడగొడుతుంది.

సిగ్నల్ తగ్గగానే రైబోజోమ్ ఆగిందని తీర్మానించవద్దు. ఆర్‌ఎమ్‌ఎఫ్ 55 ఎమైనో ఆమ్లాల బాగా క్షార ప్రోటీన్, ఏ ఆర్‌ఎన్‌ఏకైనా అతుక్కునే స్వభావం ఉంటుంది. టీ7 పాలిమరేజ్ పని చెడినా ఫలితం అలాగే కనిపిస్తుంది. డీఎన్‌ఏ బదులు ముందే తయారుచేసిన ఎంఆర్‌ఎన్‌ఏతో నడిపితే ఆ అనుమానం తీరుతుంది. శుద్ధిచేసిన ప్రోటీన్‌తో పాటు వచ్చే ఆర్‌ఎన్‌ఏస్ మరో దొంగ. ప్రోటీన్‌ను ఎంఆర్‌ఎన్‌ఏతో 37 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి జెల్ మీద చూస్తే బయటపడుతుంది. కిట్ కారకాలకు హిస్-ట్యాగ్ (నికెల్‌కు అతుక్కునే చిన్న తోక) ఉంటుంది కాబట్టి మన హెచ్‌పీఎఫ్‌కూ హిస్-ట్యాగ్ పెట్టి నికెల్ పూసలతో లాగితే కారకాలన్నీ కలిసి వస్తాయి. ఫ్లాగ్ లాంటి వేరే ట్యాగ్ వాడాలి. మామూలు ఎస్‌డీఎస్ జెల్ మీద 11 కిలోడాల్టన్ల హెచ్‌పీఎఫ్ రైబోజోమ్ ప్రోటీన్ల గుంపులో కలిసిపోతుంది, యాంటీబాడీ లేకుండా గుర్తుపట్టడం కష్టం.

పీపీజీపీపీ (పోషకాలు తగ్గినప్పుడు బ్యాక్టీరియా తయారుచేసే సంకేత అణువు) ప్రభావం చూడాలన్నా ఈ కిట్ బాగానే పనికొస్తుంది. దాన్ని తయారుచేసే రెల్‌ఏ ఎంజైము ఇందులో లేదు కాబట్టి పీపీజీపీపీని మనమే కొలిచి పోయవచ్చు. ఎమైనో ఆమ్లాలు అడుగంటిన కణంలో దాని గాఢత ఒక మిల్లీమోలార్ దాకా పెరుగుతుంది, కాబట్టి ఆ పరిధిలోనే పరీక్షించాలి. అంత న్యూక్లియోటైడ్ మెగ్నీషియంను పట్టేస్తుంది, అందుకే అదే మేర అదనపు జీటీపీ కలిపిన నియంత్రణ తప్పనిసరి.

ఇందులో లేనివి కూడా తెలిసి ఉండాలి. ఈఎఫ్-పి లేదు, కాబట్టి వరుసగా ప్రోలిన్లు ఉన్న రిపోర్టర్ దానంతట అదే ఆగుతుంది. టీఎంఆర్‌ఎన్‌ఏ, హెచ్‌ఎఫ్‌ఎల్‌ఎక్స్ లేవు, ఇరుక్కున్న రైబోజోములను విడిపించే దారి ఉండదు. అన్నిటికన్నా ముఖ్యం, అనువాదం ఆగిందనే కిట్ చెబుతుంది, 100ఎస్ ఏర్పడిందో లేదో చెప్పదు. దానికి 10 నుంచి 40% సుక్రోజ్ గ్రేడియెంట్ (బరువు, పరిమాణాన్ని బట్టి రైబోజోములను వేరుచేసే చక్కెర ద్రావణం) వేయాల్సిందే. మెగ్నీషియం తగ్గితే 100ఎస్ విడిపోతుంది, కాబట్టి గ్రేడియెంట్‌లో 15 మిల్లీమోలార్ దాకా ఉంచడం మంచిది.

కిట్ రైబోజోముల బదులు సొంతవి వాడాలనుకుంటే, అనువుగా ఉండేది పైన చెప్పిన మూడు హైబర్నేషన్ ప్రోటీన్ల జన్యువులూ తీసేసిన ఈ.కోలైని వేగంగా పెరిగే దశలోనే కోసి తయారుచేసినవి. స్థిరదశ కణాల నుంచి తీస్తే పాత హైబర్నేషన్ ప్రోటీన్లు అతుక్కునే ఉంటాయి. అలాంటప్పుడు ఎక్కువ అమోనియం క్లోరైడ్ ఉన్న బఫర్‌తో కడగాలి. గాఢత లెక్కకు ఒక ఎ260 యూనిట్ (260 నానోమీటర్ల దగ్గర కాంతి శోషణ కొలత) అంటే సుమారు 23 పికోమోల్ 70ఎస్. వేరే బ్యాక్టీరియా రైబోజోములు పెడితే ఈ.కోలై కారకాలతో అవి పనిచేస్తున్నాయో లేదో ఏ నిరోధకమూ కలపకుండా ముందు చూసుకోవాలి.

పోటీగా ప్యూర్‌ఫ్రెక్స్ అనే ఇలాంటి కిట్ ఉంది, అందులో రైబోజోములు మొదటి నుంచీ విడి గొట్టంలోనే వస్తాయి. చాలా రియాక్షన్లు చేయాల్సిన వాళ్లు, లేదా ఐఎఫ్3, ఈఎఫ్-జీ నిష్పత్తులు మార్చాల్సిన వాళ్లు కారకాలను సొంతంగా శుద్ధిచేసుకోవడమే మేలు. ఒకటి రెండు ప్రోటీన్లను కచ్చితంగా తేల్చుకోవాల్సిన వాళ్లకు ఈ కిట్టే చాలు. గొట్టాలు రాగానే ఒక్కో ప్రయోగానికి సరిపడా చిన్న భాగాలుగా పంచి మైనస్ 80 దగ్గర ఉంచాలి. మంచు మీదే కరిగించి, సొల్యూషన్ ఎలో తెల్లటి అవక్షేపం ఉంటే బాగా కలిపాకే కొలవాలి.