నేలపట్టులో ముక్కుల ముచ్చట, గైడు కట్టుకథలు

సూళ్లూరుపేటకు పక్షులను చూడటానికి వెళ్లేవారికి ముందుగా ఒక మాట చెప్పాలి. కారు, గైడు, టెలిస్కోపు కలిపి 'ప్యాకేజీ' అని అమ్మేవారికి ఒక్క రూపాయి కూడా ఇవ్వవద్దు. మేము నలుగురికీ కలిపి రూ. 4,800 ముందే చెల్లించాము. టెలిస్కోపు రిపేరులో ఉందన్నారు. గైడు మాత్రం వచ్చాడు, కానీ రాకపోయినా మాకు పోయేదేమీ లేదు.

సూళ్లూరుపేట దగ్గరి పక్షుల అభయారణ్యమైన నేలపట్టులో జనవరిలో చెరువు నిండుగా ఉంటుంది. నీళ్లలో నిలిచిన చెట్ల కొమ్మలన్నీ గూడబాతుల (పెలికాన్ల) గూళ్లతో బరువెక్కి ఉన్నాయి. గూడబాతు తన గొంతు సంచిలో చేపలను దాచుకొని గూటికి మోసుకువస్తుందని గైడు ఎంతో ధీమాగా చెప్పాడు. నిజానికి ఆ సంచి చేపను పట్టడానికే తప్ప దాచడానికి కాదు. పక్షి చేపతోపాటు నీటినీ ముంచుకొని, ముక్కును రొమ్ముకు ఆనించి నీటిని బయటికి పోనిచ్చి, ఆ తరువాత చేపను మింగేస్తుంది. పిల్లలకు పెట్టేది అలా మింగి తెచ్చి కక్కిన ఆహారమే.

నత్తగుల్ల కొంగ దగ్గర గైడు మరింత రెచ్చిపోయాడు. దాని రెండు దవడల మధ్య కనిపించే సందు నత్తలను పగలగొట్టే అడకత్తెర అన్నాడు. అప్పటికే శ్రీకాళహస్తి దర్శనం తప్పిపోయిందని ముభావంగా ఉన్న మా ఆవిడ కూడా ఆ మాటకు తలూపింది. అయితే పక్షులను చూసే టవరు దగ్గర కాపలా ఉన్న పెద్దాయన గట్టు మీద ఏరిన ఒక గుల్లను మా చేతిలో పెట్టి, "చూడండయ్యా, ఎక్కడైనా పగిలిందా?" అని అడిగారు. గుల్ల చెక్కుచెదరలేదు. ఆ కొంగ సన్నని ముక్కు కొనను గుల్ల నోట్లోకి దూర్చి, నత్తను గుల్లకు పట్టి ఉంచే కండరాన్ని కోసి, మెత్తని శరీరాన్ని లాగి తింటుంది. పిల్లకొంగలకు ఆ సందు ఉండదని, పెరిగేకొద్దీ ఏర్పడుతుందని కూడా ఆయనే చెప్పారు. మేము ఇవ్వబోయిన రూ. 100 ఆయన తీసుకోలేదు. ఈ యాత్రలో సొమ్ముకు తగిన సమాచారం దొరికింది సొమ్ము తీసుకోని మనిషి దగ్గరే.

ఎర్రకాళ్ల కొంగ ముక్కును సగం తెరిచి బురదనీటిలో ఆడిస్తూ నడుస్తుంది. చేప తగిలిన మరుక్షణం ముక్కు మూసుకుంటుంది కనుక కంటితో వెతకవలసిన పని లేదు. తెడ్డుమూతి కొంగ కూడా తన వెడల్పాటి ముక్కును అటూ ఇటూ ఊపుతూ ఇలాగే వేటాడుతుంది.

లాడ్జి గది రూ. 1,400. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లు మాత్రం రాలేదు. మరునాడు ఆటోకు రూ. 700 ఇచ్చి శ్రీహరికోట రోడ్డులో పులికాట్ సరస్సు మధ్యకు వెళ్లాము. ఫ్లెమింగోలు తలలను తలకిందులుగా నీటిలో ముంచి తింటున్నాయి. అలా ముంచినప్పుడే ఆ వంకర ముక్కు సరైన తీరులో అమరుతుంది. లావాటి నాలుక ముందుకూ వెనక్కూ కదులుతూ నీటిని లోపలికి లాగి బయటికి నెడుతుంటే, ముక్కు అంచులలోని సన్నని పొరలు చిన్న రొయ్యజాతి జీవులను, పురుగులను ఆపుతాయి. అలక మీద ఉన్న మా బావమరిది కూడా బైనాక్యులర్ గంటసేపు ఎవరికీ ఇవ్వలేదు.

గైడు అవసరమే లేదు. సొంత బైనాక్యులర్ తెచ్చుకొని, ఉదయం ఏడింటికల్లా రోడ్డు పక్కన దిగితే చాలు. టెలిస్కోపు సొమ్ము కోసం గట్టిగా నిలదీస్తే మాకు రూ. 500 తిరిగి ఇచ్చారు.