ఇంక్‌స్కేప్: నేర్చుకోవడానికి బంగారం, ప్రెస్‌కి పంపేముందు జాగ్రత్త

గ్రాఫిక్ డిజైన్‌లోకి రావాలనుకునే పిల్లలు చాలామంది సాఫ్ట్‌వేర్ ఖర్చు దగ్గరే ఆగిపోతారు. అడోబీవాళ్ల డిజైన్ సాఫ్ట్‌వేర్ ఇల్లస్ట్రేటర్‌కి నెలనెలా కట్టాలి. క్రాక్ వెర్షన్ వేస్తే వైరస్ భయం. అలాంటి పనే చేసే, 2003లో మొదలైన డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్ పూర్తిగా ఉచితం, పెన్ టూల్‌తో వంపులు గీయడం ఇందులో చేతికి పట్టుబడితే రేపు ఇల్లస్ట్రేటర్ ముందు కూర్చున్నా, కోరెల్‌డ్రా ముందు కూర్చున్నా తడబడరు. 2023లో 1.3 వెర్షన్‌తో వచ్చిన షేప్ బిల్డర్ (ఆకారాలను కలిపి, కత్తిరించి కొత్త ఆకారం చేసే టూల్) వల్ల లోగో పని చాలా తేలికైంది.

తెలుగు బాగా వస్తుంది. యూనికోడ్‌లో (ఫోన్లలో, వెబ్‌లో తెలుగుకి వాడే పద్ధతి) టైప్ చేస్తే ఒత్తులు, గుణింతాలు విడిపోవు. గూగుల్ ఫాంట్స్ నుంచి హెడ్డింగుకి రామభద్ర, మేటర్‌కి మండలి దించుకోండి, రెండూ వ్యాపార పనులకు కూడా ఉచితమే. పై లైను ఒత్తులు కింది లైను గుడులకు తగులుతుంటే లైన్ స్పేసింగ్ పెంచాలి. డీటీపీ సెంటర్లో 'అను' అనే పాత తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌లో కొట్టిన మేటర్ పేస్ట్ చేస్తే మాత్రం అర్థంకాని గుర్తులు కనిపిస్తాయి. అను ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు పెట్టుకున్నాయి కాబట్టి ముందు కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, ప్రూఫ్ చూసుకోవాలి.

రేడియం స్టిక్కర్ కటింగ్‌కి ఇచ్చేటప్పుడు కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఒకచోట. టెక్స్ట్‌ని 'ఆబ్జెక్ట్ టు పాత్' చేసి, అంటే అక్షరాలను గీతలుగా మార్చి, వదిలేస్తారు. 'లక్ష్మి' లాంటి మాటలో అక్షరం మీదికి ఒత్తు ఎక్కితే బ్లేడు రెండు గీతలూ కోస్తుంది, అంటించేటప్పుడు మధ్య ముక్క ఊడివస్తుంది. పాత్ చేశాక అన్‌గ్రూప్ చేసి, ముక్కలన్నిటినీ ఒకే ఆకారంగా కలిపే 'యూనియన్' కొట్టి, రంగులు లేకుండా గీతలే చూపే అవుట్‌లైన్ వ్యూలో లోపల గీతలేవీ మిగల్లేదని చూడండి. ఆ తర్వాత అక్షరదోషం దిద్దడం కుదరదు, అందుకే అసలు ఫైలు విడిగా సేవ్ చేసుకోవాలి.

అసలు లోపం రంగుల్లో ఉంది. ఇంక్‌స్కేప్ నుంచి పీడీఎఫ్ ఆర్‌జీబీలోనే, అంటే తెరకు వాడే ఎరుపు-ఆకుపచ్చ-నీలం రంగుల్లోనే, బయటికి వస్తుంది. ప్రెస్‌లో ఆఫ్‌సెట్ అచ్చుకి వెళ్తే నలుపు నాలుగు ఇంకులుగా విడిపోయి, ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా చిన్న అక్షరాలు అలుక్కుపోతాయి. తెరమీద నిగనిగలాడే నీలం కాగితం మీద ఊదాకి తిరుగుతుంది. ఫైలుని పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ స్క్రైబస్‌లోకి తీసుకుని సీఎంవైకేలోకి (అచ్చుకి వాడే నాలుగు ఇంకుల పద్ధతి) మార్చి, అక్షరాలకు నలుపు 100, మిగతా మూడూ సున్నా ఇస్తే సరిపోతుంది. ఇదీ ఉచితమే. ఫ్లెక్స్ అక్షరాలు పెద్దవి కాబట్టి అక్కడ ఇంత ఇబ్బంది ఉండదు. నీడలు, బ్లర్ వాడితే ఎక్స్‌పోర్ట్ పెట్టెలో 96 అని ఉన్న డీపీఐని (అంగుళానికి చుక్కల లెక్క) 300 చేయండి, లేకపోతే గళ్లు పడతాయి.

విజిటింగ్ కార్డుకి 89×51 మి.మీ. సైజుకి నాలుగు వైపులా 3 మి.మీ. బ్లీడ్ (కోతలో పోయే అదనపు అంచు) కలిపి 95×57 పెట్టుకోవాలి. ఇంక్‌స్కేప్ కోరెల్‌డ్రా సీడీఆర్ ఫైళ్లు తెరుస్తుంది గానీ ఒక్కోసారి చెదిరిపోతాయి, ఆ ఫార్మాట్‌లో సేవ్ చేయలేదు. ప్రెస్‌వాళ్లకు అక్షరాలు కర్వ్స్ (పాత్) చేసిన పీడీఎఫ్ ఇవ్వండి.

ఉద్యోగం మాటకొస్తే, ప్రకటనల్లో అడిగేది ఎక్కువగా ఇల్లస్ట్రేటర్, ఫొటోషాప్, కోరెల్. పోర్ట్‌ఫోలియో (చేసిన పనుల నమూనాలు) అంతా ఇంక్‌స్కేప్‌లో చేసి, ఇంటర్వ్యూకి ముందు ఒక్క నెల ఇల్లస్ట్రేటర్‌కి కట్టి షార్ట్‌కట్లు అలవాటు చేసుకోవడం మేలు. ఆ పోర్ట్‌ఫోలియోలో కనీసం ఒక తెలుగు లోగో, అచ్చు వేయించిన ఒక కార్డు ఉండాలి.